గుండెపోటు రోగి మంచం పక్కన ఏం జరగాలో కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా సెప్టెంబరు 29న ప్రపంచ గుండె దినం వస్తుంది. ఆ రోజు పత్రికలన్నీ గుండె గురించి ప్రత్యేక పేజీ వేస్తాయి. నూనె తగ్గించమంటారు, నడవమంటారు, సిగరెట్ మానమంటారు. అవన్నీ కావలసినవే. కానీ గుండెపోటుతో ఆసుపత్రిలో చేరిన మనిషి మంచం పక్కన మొదటి రెండు రోజులూ ఏం జరగాలో, ఏది తప్పితే ప్రాణం మీదికొస్తుందో ఆ పేజీల్లో ఎక్కడా ఉండదు. క్లాట్ (రక్తం గడ్డ) కరిగించే ఇంజెక్షన్ పడిందనో, నాళం తెరిచి ఉంచే స్టెంట్ వేశారనో చెప్పడంతో కథ ముగుస్తుంది. ఇంటివాళ్లూ గండం గడిచిందనే అనుకుంటారు. నర్సుల పనిలో బరువైన భాగం అక్కడే మొదలవుతుంది. గుండె విభాగాల్లో పనిచేసే స్టాఫ్ నర్సులం, నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పే ట్యూటర్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. పొడుగైనందుకు మన్నించండి, చెప్పాల్సిన విషయం అంత ఉంది.

ముందు జబ్బు గురించి నాలుగు మాటలు. గుండె కండరానికి రక్తం అందించేవి కరోనరీ ధమనులు. వాటి లోపలి గోడలో కొవ్వు పేరుకుని దారి ఇరుకైతే, మెట్లెక్కినప్పుడో వేగంగా నడిచినప్పుడో ఛాతీ బిగబట్టినట్టు ఉండి, ఆగితే తగ్గుతుంది. అది యాంజైనా. ఆ కొవ్వు గడ్డ పైపొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి పూర్తిగా మూసుకుపోతే గుండెపోటు. ఆ క్షణం నుంచి కండరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుంటుంది. చచ్చిన కండరం మళ్లీ పుట్టదు. అందుకే ఈ జబ్బులో ప్రతిదీ గడియారంతోనే కొలుస్తారు.

మన ఊళ్లలో ఆలస్యానికి మొదటి కారణం 'గ్యాస్' అనే మాట. ఛాతీలో బరువు, ఒళ్లంతా చెమట, వాంతి వచ్చినట్టు ఉంటే సోడా తాగి పడుకుంటారు. తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి పిరుదుకో భుజానికో నొప్పి ఇంజెక్షన్ వేయించుకుంటారు. దానివల్ల విలువైన గంట పోవడమే కాదు, ఇంకో కీడు కూడా ఉంది. తర్వాత ఆసుపత్రిలో క్లాట్ కరిగించే మందు ఎక్కించినప్పుడు, సూది దిగిన ఆ కండరం లోపల రక్తం కారి గడ్డలా ఉబ్బుతుంది. డైక్లోఫినాక్ లాంటి నొప్పి మందులు గుండెపోటు రోగికి అసలు మంచివే కావు. అందుకే క్యాజువాలిటీలో నర్సు అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఇదొకటి: "ఇక్కడికి రాకముందు ఎక్కడైనా ఇంజెక్షన్ వేయించుకున్నారా? ఎక్కడ వేశారు, ఎన్నింటికి వేశారు?" జవాబు కేస్‌షీట్‌లో ఎక్కాలి, ఆ చోటు చుట్టూ పెన్నుతో గీత గీయాలి. గంట తర్వాత వాపు గీత దాటిందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

షుగర్ ఉన్నవాళ్లకు, ముసలివాళ్లకు, ఆడవాళ్లకు చాలాసార్లు ఛాతీ నొప్పే ఉండదు. ఆయాసం, చెప్పలేని నీరసం, దవడ లాగడం, వీపులో రెండు రెక్కల మధ్య నొప్పి, పొట్ట పైభాగంలో మంట లాంటివే ఉంటాయి. దవడ నుంచి బొడ్డు దాకా కొత్తగా ఏ ఇబ్బంది వచ్చినా, తోడుగా చెమటలు పడుతుంటే, ముందు ఈసీజీ తీయాలి. ఓపీ చీటీ తర్వాత రాసుకోవచ్చు.

ఆసుపత్రి గడప తొక్కిన 10 నిమిషాల్లో ఈసీజీ కాగితం డాక్టరు చేతిలో ఉండాలి. ఇది సులువైన పనిలా కనిపిస్తుంది గానీ తప్పులు ఇక్కడే ఎక్కువ. ఛాతీ మీద పెట్టే ఆరు ఈసీజీ వైర్లను వి1 నుంచి వి6 లీడ్లు అంటారు. వాటిలో వి1, వి2 ఛాతీ ఎముకకు కుడి, ఎడమ అంచుల్లో నాలుగో పక్కటెముక సందులో పెట్టాలి. తొందరలో రెండో సందులో పెట్టేస్తారు. అప్పుడు లేని జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు. మెడ కింది గుంట నుంచి వేలు కిందికి జారిస్తే ఎముక మీద చిన్న గట్టు తగులుతుంది, దాని పక్కనే రెండో పక్కటెముక, దాని కింది సందు రెండోది. అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ దిగితే పొరపాటుండదు. వి4 ఐదో సందులో, కాలర్ ఎముక మధ్య నుంచి దిగే గీత మీద. వి3 దానికీ వి2కీ నడుమ. వి5, వి6 రెండూ వి4తో ఒకే అడ్డగీతలో, చంక ముందు అంచు కింద ఒకటి, చంక మధ్య కింద ఒకటి. ఆడవాళ్లకు వి4ను రొమ్ము కిందుగా పెట్టాలి. బిడియపడి పైన పెడితే ఆ ఈసీజీ లెక్కలోకి రాదు. తెర అడ్డం వేసి, తోడుగా ఒక ఆడమనిషిని నిలబెడితే బిడియం సమస్యే రాదు.

చెమట తుడవకుండా రబ్బరు కప్పులు పెడితే జారిపోతాయి. జెల్ ఛాతీ అంతా పులిమేస్తే పక్కపక్క లీడ్లు కలిసిపోయి ఒకే బొమ్మ వస్తుంది. కుడి, ఎడమ చేతి వైర్లు తారుమారైతే ఈసీజీలో లీడ్ 1 అనే గీత తలకిందులుగా, ఏవీఆర్ అనే గీత పైకి తిరిగి కనిపిస్తాయి. ఆ రెండూ చూడగానే రోగిని అనుమానించకముందు వైర్లను అనుమానించాలి. కాగితం మీద పేరు, సమయంతో పాటు 'నొప్పి ఉంది', 'నొప్పి లేదు' అని కూడా రాయాలి. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా నొప్పి ఆగకపోతే 15 నుంచి 30 నిమిషాల్లో మళ్లీ తీయాలి. లీడ్ 2, 3, ఏవీఎఫ్ అనే గీతల్లో మార్పు కనిపిస్తే వి4 లీడ్‌ను ఛాతీ కుడివైపు అదే స్థానంలో పెట్టి మరొకటి తీయాలి. ఎందుకో కింద చెబుతాం.

మందులు డాక్టరు రాస్తారు, ఇచ్చేది నర్సు. ఆస్పిరిన్ 325 మిల్లీగ్రాముల మాత్ర నమలమని చెప్పాలి, మింగితే పని మొదలవడం ఆలస్యమవుతుంది. పైన పూత ఉన్న రకమైతే ఇంకా ఆలస్యం. దాంతోపాటు రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్ 300, కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ 80 మిల్లీగ్రాములు సాధారణంగా రాస్తారు. క్లాట్ కరిగించే మందు ఇవ్వబోయే రోగికి 75 ఏళ్లు దాటితే క్లోపిడోగ్రెల్ 75 మాత్రమే. ఆ వయసు సంగతి హడావిడిలో మరిచిపోయే ప్రమాదం ఉంది గనుక మందు చేతిలోకి తీసుకునేటప్పుడే వయసు మరోసారి చూసుకోవాలి. నాలుక కింద పెట్టే, రక్తనాళాలను వెడల్పు చేసే సార్బిట్రేట్ 5 మిల్లీగ్రాముల మాత్రతో మరీ జాగ్రత్త. బీపీ చూడకుండా ఇవ్వకూడదు. పై బీపీ 90 కంటే తక్కువుంటే ఇవ్వకూడదు. గుండె కుడి గది దెబ్బతిన్న రోగికి ఇస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, ఇందాక చెప్పిన కుడివైపు ఈసీజీ దీన్ని పట్టుకోవడానికే. మగతనం కోసం వాడే మాత్రల్లో సిల్డెనాఫిల్ వాడి 24 గంటలు, టడలాఫిల్ వాడి 48 గంటలు కాకపోయినా ఇవ్వకూడదు. ఈ ప్రశ్న భార్య, పిల్లలు, తమ్ముళ్లు చుట్టూ నిలబడి ఉండగా అడిగితే ఎవరూ నిజం చెప్పరు. వాళ్లను బయట కూర్చోబెట్టి, "ఇది ప్రాణానికి సంబంధించింది, ఎవరికీ చెప్పం" అని గొంతు తగ్గించి అడగాలి.

ఆక్సిజన్ మాస్కు లేకపోతే వైద్యమే మొదలుకాలేదని ఇంటివాళ్లు అనుకుంటారు. వేలికి పెట్టిన ఆక్సీమీటరు 90 శాతం కంటే తక్కువ చూపిస్తేనే ఆక్సిజన్ అవసరం. అంతకు మించి ఉన్నవారికి ఇవ్వడం వల్ల మేలు లేదు.

ఇక క్లాట్ కరిగించే మందు. యాంజియోప్లాస్టీ (చేతి లేదా తొడ ధమని గుండా సన్నని గొట్టం పంపి మూసుకున్న నాళం తెరవడం) చేసే ఆసుపత్రి దగ్గర్లో ఉంటే రోగి వచ్చిన 90 నిమిషాల్లో నాళం తెరవడం లక్ష్యం. లేకపోతే 30 నిమిషాల్లో ఈ ఇంజెక్షన్ పడాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టెమీ (నాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటు) పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్లాట్ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తున్నారు. చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసి పెద్ద ఆసుపత్రిలోని గుండె డాక్టరుకు పంపడం, ఆయన చెప్పాక అక్కడే ఇంజెక్షన్ వేసి పంపడం దాని పద్ధతి. ఇది గొప్ప మేలు. అయితే ఆ ఇంజెక్షన్ వేసేచోట చాలాసార్లు గుండె నిపుణులుండరు, ఉండేది ఒక డ్యూటీ డాక్టరూ ఒక నర్సూ. వాళ్ల చేతులు ఎంత తర్ఫీదు పొందాయన్న దాని మీదే అంతా ఉంటుంది.

ఇంజెక్షన్‌కు ముందు నర్సు చెక్‌లిస్టు చేతిలో పట్టుకుని బిగ్గరగా అడగాలి. ఎప్పుడైనా పక్షవాతం వచ్చిందా, మెదడులో రక్తం కారిందా, ఈమధ్య తలకు దెబ్బ తగిలిందా, ఆపరేషన్ జరిగిందా, మలం నల్లగా వచ్చిందా? బీపీ 180/110 దాటి ఉందా? రెండు క్యాన్యులాలు (నరంలోకి మందు ఎక్కించే సన్నని గొట్టాలు) ముందే పెట్టుకోవాలి, మందు మొదలయ్యాక కొత్తగా సూది ఎక్కడ గుచ్చినా రక్తం ఆగదు. వీలైతే రెండూ ఎడమ చేతికే పెట్టి, కుడి మణికట్టును యాంజియోప్లాస్టీ చేసే క్యాత్‌ల్యాబ్‌కు వదిలేయాలి. పరీక్షలకు రక్తం అప్పుడే తీసేసుకోవాలి.

టెనెక్టెప్లేస్ మోతాదు బరువును బట్టి ఉంటుంది. 60 కిలోల లోపు 30 మిల్లీగ్రాములు, 60 నుంచి 69 దాకా 35, 70 నుంచి 79 దాకా 40, 80 నుంచి 89 దాకా 45, 90 ఆపైన 50. మొత్తం ఒకే దెబ్బలో 5 నుంచి 10 సెకన్లలో ఎక్కించాలి. 75 ఏళ్లు దాటినవారికి సాధారణంగా సగమే ఇస్తారు. బరువు కళ్లతో అంచనా వేసే అలవాటు పోవాలి. చూపుకు 70 అనిపించినవాళ్లు తూకంలో 58 ఉంటారు, ఆ తేడా మెదడులో రక్తస్రావంగా తేలవచ్చు. నిలబెట్టే స్థితి లేకపోతే ఈమధ్య ఎక్కడ బరువు చూసుకున్నారో, ఎంత ఉన్నారో రోగినీ ఇంటివాళ్లనూ విడివిడిగా అడగాలి. పొడిలో నీళ్లు కలిపాక సీసాను గిరగిరా మెల్లగా తిప్పాలి గానీ కుదపకూడదు. కుదిపితే నురగొచ్చి మోతాదు తప్పుతుంది. గ్లూకోజు నడుస్తున్న లైనులో ఈ మందు వేస్తే విరిగి తెల్లగా పేరుకుంటుంది, అందుకే ముందూ వెనకా మామూలు సెలైన్‌తో లైను కడగాలి.

క్లాట్ కరిగించే ఇంకో మందు స్ట్రెప్టోకైనేజ్ అయితే 15 లక్షల యూనిట్లు 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో 30 నుంచి 60 నిమిషాలు. ఎక్కుతుండగా బీపీ పడిపోవడం మామూలే, అది చాలాసార్లు అలర్జీ కాదు. డ్రిప్ తగ్గించి లేదా కాసేపు ఆపి, కాళ్లు ఎత్తి పెట్టి, డాక్టరుకు చెబితే సర్దుకుంటుంది. భయపడి మందు పూర్తిగా మానేస్తే నష్టం రోగికే. ఇంకొకటి, స్ట్రెప్టోకైనేజ్ ఒకసారి తీసుకున్న మనిషి ఒంట్లో దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలు తయారవుతాయి, రెండోసారి అదే మందు ఇవ్వకూడదు. అందుకని డిశ్చార్జి కాగితం పైన పెద్ద అక్షరాలతో మందు పేరు, తేదీ రాసి ఉండాలి. చాలా కాగితాల్లో 'థ్రాంబోలైజ్ చేశాం' (క్లాట్ కరిగించాం) అని మాత్రమే ఉంటుంది. ఏ మందుతో చేశారో ఉండదు. మూడేళ్ల తర్వాత ఇంకో ఊళ్లో మళ్లీ నొప్పి వస్తే అక్కడి డాక్టరుకు ఏం తెలుస్తుంది?

మందు పడ్డాక మొదటి గంట ప్రతి 15 నిమిషాలకు, తర్వాత అరగంటకు ఒకసారి బీపీ, నాడి, ఊపిరి చూడాలి. ప్రతిసారీ రోగిని నాలుగు మాటలు మాట్లాడించాలి. పేరేమిటి, ఊరేది, చెయ్యి ఎత్తండి, నవ్వండి. మాట తడబడినా, తలనొప్పి మొదలైనా, వాంతి అయినా, ఉన్నట్టుండి మత్తుగా ఉన్నా మెదడులో రక్తం కారుతుందేమోనని వెంటనే డాక్టరును పిలవాలి, ఎక్కుతున్న రక్తం పల్చబడే మందు ఆపాలి. రోగి నిద్రపోతున్నాడులే, లేపడం ఎందుకని వదిలేయడం దయలా కనిపిస్తుంది, కానీ ఆ నిద్ర నిద్రేనో కాదో లేపితేనే తెలుస్తుంది. చిగుళ్లు, మూత్రం రంగు, క్యాన్యులా చోటు చూడాలి. కండరానికి ఇంజెక్షన్ వద్దు, బ్లేడుతో గడ్డం గీయొద్దు, అవసరం లేకుండా మూత్రం గొట్టం వేయొద్దు. 60 నుంచి 90 నిమిషాల మధ్య మళ్లీ ఈసీజీ తీయాలి. గుండెపోటులో ఈసీజీలో పైకి లేచిన భాగాన్ని ఎస్‌టీ గీత అంటారు, అది సగానికి పైగా దిగి, నొప్పి తగ్గితే దారి తెరుచుకున్నట్టు. దిగకపోతే ఇంజెక్షన్ పనిచేయలేదని అర్థం, వెంటనే యాంజియోప్లాస్టీకి పంపాలి. ఈ రెండో ఈసీజీ తీయడం మరిచిపోవడం చిన్న పొరపాటుగా చూడకూడదు. పని చేసిందనుకుని కూర్చుంటే ఆ గంటలన్నీ కండరానికి నష్టమే.

మొదటి 24 గంటల్లో ఎప్పుడైనా గుండె లయ తప్పి వణకడం మొదలుపెట్టొచ్చు. మానిటర్ మీద పిచ్చిగీతలు కనిపించగానే ముందు రోగిని చూడాలి. స్పృహ ఉండి మాట్లాడుతుంటే లీడ్ ఊడినట్టే. పలకకపోతే, ఊపిరీ నాడీ లేకపోతే ఛాతీ నొక్కడం మొదలెట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకు 2 శ్వాసలు. షాక్ యంత్రం రాగానే షాక్ ఇవ్వాలి. ఆ యంత్రాన్ని ప్రతి షిఫ్టు మొదట్లో ఛార్జి చేసి పరీక్షించి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. రోజూ చూడకుండానే టిక్కు పెట్టిన రిజిస్టర్ రోగిని బతికించలేదు. అలారం పదే పదే మోగుతుందని దాని శబ్దం తగ్గించేయడం ఇంకో చెడ్డ అలవాటు. చెమటకు ఊడిన ఎలక్ట్రోడ్ మార్చి, పరిమితులు రోగికి తగ్గట్టు సరిచేస్తే అనవసరపు మోత దానంతటదే తగ్గుతుంది.

మంచం మీద రోగి సంగతి. నొప్పి తగ్గి నిలకడగా ఉన్నవాళ్లను 12 నుంచి 24 గంటల తర్వాత మెల్లగా కూర్చోబెట్టాలి. కదలొద్దని రోజుల తరబడి పడుకోబెడితే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. బెడ్‌పాన్ మీద ముక్కడం కంటే మంచం పక్కన కమోడ్ కుర్చీ మీద కూర్చోబెట్టడం గుండెకు తేలిక. మలబద్ధకం రాకుండా మొదటి రోజు నుంచే మందు అడిగి ఇవ్వాలి. ఊపిరి బిగబట్టి ముక్కితే నాడి వేగం, బీపీ ఒక్కసారిగా మారిపోతాయి. బాత్రూంలో కుప్పకూలడానికి ఇదొక కారణం. లోపలి గడియ వేసుకోవద్దని రోగికి చెప్పి, తలుపు బయట మనిషిని నిలబెట్టాలి. నొప్పి ఎంతుందో 0 నుంచి 10 లెక్కలో అడిగితే కొందరు పెద్దవాళ్లకు అర్థం కాదు. 'అణా, అర్ధ రూపాయి, రూపాయి' అనో, 'పావువంతు తగ్గిందా, సగం తగ్గిందా' అనో అడిగితే చక్కగా చెబుతారు. 'పర్లేదమ్మా, ఓర్చుకుంటా' అనే రోగిని మరీ కనిపెట్టుకుని ఉండాలి. గుండెపోటు నొప్పి ఓర్చుకోవాల్సింది కాదు, అది కండరం ఇంకా ఆకలితో ఉందని చెప్పే గుర్తు.

స్టెంట్ వేశాక కుట్టు లేని ఆపరేషన్ గదా అని తేలిగ్గా తీసుకుంటారు. చేతి నుంచి చేస్తే మణికట్టుకు గాలి నింపే బ్యాండ్ కడతారు. బొటనవేలికి ఆక్సీమీటరు పెట్టి, చిటికెనవేలి వైపు నాళాన్ని నొక్కినా తెర మీద అల కనిపించాలి. కనిపించకపోతే బ్యాండ్ మరీ బిగుతుగా ఉందన్న మాట, అలాగే వదిలేస్తే ఆ ధమని శాశ్వతంగా మూసుకుపోవచ్చు. డాక్టరు చెప్పిన సమయం నుంచి 15 నిమిషాలకోసారి 2, 3 మిల్లీలీటర్ల చొప్పున, బ్యాండ్‌తో వచ్చిన సిరంజీతోనే గాలి తీయాలి. రక్తం ఊరితే తీసినంత గాలీ తిరిగి ఎక్కించి ఇంకాసేపు ఆగాలి. ఆ చేత్తో మంచం మీద ఆనుకుని లేవొద్దని, ఆ చేతికి బీపీ కఫ్ కట్టొద్దని చెప్పాలి.

తొడ నుంచి చేస్తే జాగ్రత్త రెట్టింపు. గొట్టం తీశాక 15 నుంచి 20 నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి, మధ్యలో ఎత్తి చూడకూడదు. చర్మం మీద కనిపించే రంధ్రం ఒకచోట, ధమనికి పడిన రంధ్రం దానికి కొంచెం పైన ఉంటాయి. సూది వాలుగా పైకి దిగుతుంది గదా. అందుకే నొక్కు చర్మపు రంధ్రానికి సుమారు 2 సెంటీమీటర్లు పైన పడాలి. కొత్తగా చేరిన పిల్లలు సరిగ్గా రంధ్రం మీద నొక్కుతారు, బయట రక్తం ఆగుతుంది, లోపల కారుతూనే ఉంటుంది. నొక్కుతున్నప్పుడు రోగి పాలిపోయి, చెమటపట్టి, నాడి 40కి పడిపోతే కాళ్లెత్తి సెలైన్ వేగం పెంచాలి. నాడి వేగం పెంచే అట్రోపిన్ ముందే సిరంజీలో సిద్ధంగా ఉంటే డాక్టరు చెప్పగానే ఇవ్వచ్చు. తర్వాత 4 నుంచి 6 గంటలు ఆ కాలు చాచి ఉంచాలి, తల 30 డిగ్రీలు మించి ఎత్తకూడదు. దగ్గినా తుమ్మినా కట్టు మీద చెయ్యి అదిమి పట్టుకోమనాలి. ప్రతిసారీ దుప్పటి పూర్తిగా తీసి, తొడ కింద చెయ్యి పెట్టి చూడాలి, కారిన రక్తం పైన కనిపించక కింద పరుపులో ఇంకుతుంది. పాదం వెచ్చగా ఉందా, చీలమండ దగ్గర నాడి తగులుతోందా చూడాలి. కట్టు పొడిగా ఉండి కూడా రోగి నడుము నొప్పి, డొక్కలో నొప్పి అంటున్నాడు, నాడి పెరుగుతోంది, బీపీ జారుతోంది అంటే పొట్ట వెనకభాగంలో రక్తం చేరుతోందని అనుమానించాలి. 'పడుకుని పడుకుని నడుం పట్టేసిందిలే' అని నొప్పి మాత్ర ఇవ్వడం ఇక్కడ జరిగే అతి పెద్ద పొరపాటు.

రెండు ఇంజెక్షన్ల గురించి కూడా చెప్పాలి. రక్తం పల్చబడే మందు ఎనోక్సాపరిన్ పొట్ట మీద, బొడ్డుకు కనీసం 5 సెంటీమీటర్ల దూరంలో, చర్మం మడత పట్టుకుని నిటారుగా వేయాలి. నింపి వచ్చిన సిరంజీలోని గాలి బుడగ తీయనక్కర్లేదు. వేశాక రుద్దకూడదు. రుద్దితే అంతా కమిలి నీలంగా అవుతుంది. కిడ్నీ పనితనం బాగా తగ్గినవారికి రోజుకు రెండుసార్లు బదులు ఒకసారే ఇవ్వాలి గనుక క్రియాటినిన్ రిపోర్టు చూడకుండా మొదలెట్టకూడదు. పొటాషియం క్లోరైడ్ ఆంపూల్‌ను (చిన్న మందు సీసాను) నేరుగా నరంలోకి ఎప్పుడూ ఎక్కించకూడదు. గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది. దాన్ని మిగతా ఆంపూల్స్‌తో పాటు ఒకే ట్రేలో ఉంచడమే తప్పు. విడిగా, తాళం వేసి ఉంచాలి. కలిపేటప్పుడు ఇద్దరు నర్సులు చూడాలి.

డిశ్చార్జి రోజు గురించి మా బాధ ఎక్కువ. రెండు పేజీల ఇంగ్లీషు కాగితం, సంచీ నిండా మాత్రలు చేతికిచ్చి పంపుతారు. స్టెంట్ పడిన మనిషి ఆస్పిరిన్‌తో పాటు రెండో రక్తం పల్చబడే మందును సాధారణంగా ఏడాది పాటు డాక్టరు చెప్పినట్టు వాడాలి. నొప్పి లేదు గదా అని మానేస్తే కొత్త స్టెంట్ లోపల రక్తం గడ్డకట్టి ఒక్కసారిగా మూసుకుపోవచ్చు, అది మొదటి పోటు కంటే ప్రమాదం. మానడానికి కారణాలు చాలాసార్లు మామూలువే. మాత్రలు అయిపోయాయి, డబ్బుల్లేవు, పన్ను పీకడానికి డాక్టరు ఆపమన్నారు, ఊరి మందులషాపులో అదే లేదు. వీటన్నిటికీ జవాబు డిశ్చార్జికి ముందు పావుగంట కూర్చుని చెబితే దొరుకుతుంది. అడిగినప్పుడు తలూపడం చాలదు, రోగి తిరిగి తన మాటల్లో చెప్పాలి: "ఏ మాత్ర ఎప్పుడు? ఇది మానితే ఏమవుతుంది?" చదువు రానివారికి మాత్ర అట్ట మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మ గీస్తే చాలు. వంట చేసేవారిని తప్పకుండా పిలవాలి, ఉప్పు సంగతి రోగికి చెప్పి లాభం లేదు. రోజుకు అన్నిట్లో కలిపి చెంచాడు ఉప్పు, అంటే 5 గ్రాములు. 'కూరలో తగ్గించాం' అంటారు గానీ ఆవకాయ, ఊరగాయలు, అప్పడాలు, వడియాలు, ఎండుచేప, మజ్జిగలో వేసుకునే ఉప్పు ఎవరూ లెక్కలో వేసుకోరు. బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి. సిగరెట్ తాగుతారా అని అడిగితే చుట్ట తాగే మనిషి 'లేదు' అంటాడు, అది అబద్ధం కాదు.

ఇవన్నీ చేయడానికి చేతులు కావాలి. ఐసీయూలో షిఫ్టుకు మంచానికి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. లెక్క వేసి చూడండి. క్లాట్ కరిగించే మందు పడిన రోగులు ముగ్గురుంటే మొదటి గంటలో ఒక్కొక్కరిని 4 సార్లు చూడాలి, ఒక్కోసారికి 5 నిమిషాలు. మొత్తం 60 నిమిషాలు. గంట అయిపోయింది. మందు కలపలేదు, ఈసీజీ తీయలేదు, ఇంటివాళ్లకు ఒక్క మాట చెప్పలేదు, చెయ్యి కూడా కడుక్కోలేదు. అరడజను మంచాలకు ఒక్కరినే పెట్టినచోట చార్టులో అంకెలు నిండుతాయి గానీ అవి చూసి రాసినవని ఎవరూ చెప్పలేరు. నర్సు పోస్టులు నింపమని అడగడం జీతాల గొడవగా కనిపించకూడదని ఈ లెక్క చెప్పాం.

మీకు మా విన్నపం ఒక్కటే. వచ్చే సెప్టెంబరు 29 ప్రత్యేక పేజీలో ఒక చిన్న డబ్బా ఇవ్వండి, కత్తిరించి బీరువా తలుపుకు అంటించుకునేలా. అందులో వేయాల్సిన మాటలు ఇవి:

"ఛాతీలో బరువు, చెమట, ఆయాసం వస్తే పని ఆపి కూర్చోండి. నాలుక కింద మాత్ర డాక్టరు ఇచ్చి ఉంటే కూర్చునే ఒకటి పెట్టుకోండి, నిలబడి కాదు. 5 నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. మాత్ర లేకపోతే ఆగకుండా అప్పుడే చేయండి. మీరే బండి నడుపుకుంటూ వెళ్లొద్దు. దారిలో ఎక్కడా ఇంజెక్షన్ వేయించుకోవద్దు. వాడే మాత్రల అట్టలు, పాత ఈసీజీ ఒక కవర్‌లో పెట్టి వెంట తీసుకెళ్లండి. స్టెంట్ ఉంటే ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ఆ మాట మొదట చెప్పండి. స్టెంట్ మాత్ర ఆపాలని ఎవరన్నా, స్టెంట్ వేసిన డాక్టరును అడగకుండా ఒక్కరోజు కూడా ఆపొద్దు. సార్బిట్రేట్ మాత్ర గడువు తేదీ నెలకోసారి చూసుకోండి."

— గుండె విభాగాల స్టాఫ్ నర్సులు, నర్సింగ్ ట్యూటర్లు